వైడ్ యాంగిల్ లెన్స్‌కి పోలరైజర్: ఆకాశంలో మచ్చ పడకుండా వాడటం ఎలా?

"16 మి.మీ. లెన్స్‌కి పోలరైజర్ పెట్టి తీశాను. ఆకాశం మధ్యలో కారునీలం, రెండు పక్కలా పాలిపోయింది. ఫిల్టర్ నకిలీదా?" ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. పోలరైజర్ అంటే లెన్స్ ముందు బిగించి తిప్పే ఫిల్టర్, ఒక దిశలో కంపించే కాంతిని ఆపుతుంది. లెన్స్ మి.మీ. అంకె తగ్గేకొద్దీ వెడల్పుగా చూస్తుంది. ఫిల్టర్ బాగానే ఉంది. ఎంత ఖరీదైనది కొన్నా ఆ మచ్చ తప్పదు, ఎందుకంటే తేడా ఉన్నది ఆకాశంలోనే.

అందుకని వైడ్ లెన్స్‌కి పోలరైజరే వద్దనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. వైడ్ లెన్స్ మీద పోలరైజర్ పెట్టేది నేల కోసం, ఆకాశం కోసం కాదు. నీటి మీద తళుకు, ఆకుల మీద నిగారింపు, తడి రాళ్ల మీద తెల్ల మెరుపు తీసేయడమే దాని అసలు పని. ఆ పని చేయించుకుంటూ ఆకాశం చెడకుండా ఎలా చూసుకోవాలో కింద వరుసగా చెప్తాను.

1. మచ్చ ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకోండి

నీలాకాశం నుంచి వచ్చే కాంతి అన్నివైపులా ఒకేలా పోలరైజ్ అయి (ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తూ) ఉండదు. సూర్యుడి నుంచి 90 డిగ్రీల దూరంలో ఆకాశాన్ని చుట్టిన ఒక పట్టీలో అది అత్యధికం. సూర్యుడి దగ్గరా, సరిగ్గా అందుకు ఎదురు దిశలోనూ దాదాపు ఉండదు. ఫిల్టర్ తిప్పితే నల్లబడేది ఆ పట్టీయే.

టెలీ లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) ఆకాశంలో చిన్న ముక్కను మాత్రమే చూస్తుంది కాబట్టి తేడా తెలీదు. వైడ్ లెన్స్ పట్టీనీ, దాని అవతలి పాలిపోయిన భాగాన్నీ కలిపి చూపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాని అడ్డంగా పట్టుకుని, పట్టీ సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో ఉందనుకుందాం. మధ్యలో ప్రభావం 100 అయితే, అంచుల్లో లెక్క ప్రకారం మిగిలేది ఇంత:

- 50 మి.మీ. (చూసే కోణం సుమారు 40 డిగ్రీలు): దాదాపు 80
- 35 మి.మీ. (54 డిగ్రీలు): 65
- 24 మి.మీ. (74 డిగ్రీలు): 47
- 16 మి.మీ. (97 డిగ్రీలు): 28

ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా అయితే లెన్స్ మి.మీ. అంకెని 1.5తో గుణించి చూసుకోండి. అక్కడ 16 మి.మీ. అంటే ఇక్కడి 24 లాంటిదే.

నా వరకు 28 మి.మీ. ఒక గీత. అంతకంటే వెడల్పుగా వెళ్తున్నప్పుడు, ఫ్రేమ్‌లో శుభ్రమైన నీలాకాశం ఎక్కువగా ఉంటే, రింగ్ మీద చెయ్యి వేసే ముందు ఒకసారి ఆగి ఆలోచించాలి.

2. ఫిల్టర్, లెన్స్ ఇంట్లోనే సిద్ధం చేసుకోండి

పోలరైజర్‌కి రెండు రింగులు ఉంటాయి, ఒకటి బిగుసుకునేది, ఒకటి తిరిగేది. అందుకే మామూలు యూవీ ఫిల్టర్ కంటే మందంగా ఉంటుంది. వైడ్ లెన్స్ మీద ఆ మందమే ఫ్రేమ్ మూలల్లో నల్లగా కనిపిస్తుంది.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, స్లిమ్ ఫ్రేమ్ ఉన్న ఫిల్టర్ కొనడం. రెండోది నాకు ఎక్కువ నచ్చింది: లెన్స్ ముందు ఫిల్టర్ మర వ్యాసం 77 మి.మీ. అయితే 82 మి.మీ. పోలరైజర్ తీసుకుని, మధ్యలో స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ పట్టించేది) వేయడం. ఒకే ఫిల్టర్ చిన్న సైజు లెన్సులన్నిటికీ పనికొస్తుంది. అయితే లెన్స్‌తో వచ్చిన హుడ్ ఇక పట్టదు. ఎండ అడ్డుకోవడానికి చెయ్యో టోపీయో వాడుకోవాలి.

మూలలు నల్లబడుతున్నాయో లేదో ఇలా పరీక్షించండి:

- జూమ్‌ని పూర్తి వైడ్‌లో పెట్టండి, ఫోకస్ ఇన్ఫినిటీ మీద ఉంచండి.
- తెల్ల గోడ వైపో, మబ్బు పట్టిన ఆకాశం వైపో తిప్పి ఫిల్టర్ లేకుండా ఒకటి, పెట్టి ఒకటి తీయండి.
- లెన్స్ పూర్తిగా తెరిచి ఒకసారి, ఎఫ్/11లో (లెన్స్ రంధ్రం చిన్నది చేసి) ఒకసారి తీయండి. రింగ్ నీడ రెండింటిలో వేర్వేరుగా పడుతుంది.
- మూలలు నల్లబడితే ఎంత జూమ్ దగ్గర ఆ నలుపు పోతోందో గుర్తుపెట్టుకోండి. 16లో ఉండి 18లో పోతే, ఆ ఫిల్టర్‌తో మీ లెన్స్ 18 నుంచే మొదలవుతుందని అనుకోవడమే.

యూవీ ఫిల్టర్ మీద పోలరైజర్ బిగించకండి. మందం పెరుగుతుంది, ఎండ పడినప్పుడు రెండు గాజుల మధ్య మెరుపులు వస్తాయి. యూవీ తీసి జేబులో పెట్టుకుని పోలరైజర్ వేయండి.

సర్క్యులర్, లీనియర్ అని రెండు రకాలు దొరుకుతాయి. డీఎస్ఎల్ఆర్‌లో లీనియర్ రకం పెడితే మీటరింగ్ (వెలుగు కొలత), ఆటోఫోకస్ తికమక పడతాయి. మిర్రర్‌లెస్‌లో ఆ బెడద లేకపోయినా, కొత్తగా కొనేవాళ్లు సర్క్యులర్‌కే వెళ్లండి. ఏ కెమెరా మీదైనా నడుస్తుంది.

ముందు గాజు బల్బులా ఉబ్బి ఉండే అల్ట్రా వైడ్ లెన్సుల్లో చాలావాటికి ఫిల్టర్ బిగించే మరలే ఉండవు. వాటికి పెద్ద హోల్డర్లు ఉన్నాయి. మౌంట్ అడాప్టర్‌లో వెనక నుంచి పెట్టే డ్రాప్-ఇన్ పోలరైజర్లు కూడా కొన్ని కెమెరాలకి వచ్చాయి. అంత ఖర్చు పెట్టే ముందు 24 మి.మీ. లెన్స్‌తో పని జరుగుతుందేమో చూడండి. సాధారణంగా జరుగుతుంది.

3. ట్రైపాడ్ దించే ముందు సూర్యుణ్ని చూడండి

చూపుడు వేలు సూర్యుడి వైపు చాచండి. బొటనవేలు దానికి లంబంగా తెరవండి. ఇప్పుడు చూపుడు వేలు కదలకుండా మణికట్టు తిప్పండి. బొటనవేలు చూపించే దారంతా పోలరైజేషన్ ఎక్కువగా ఉండే పట్టీ. అది మీ ఫ్రేమ్‌లోకి ఎక్కడ దిగుతోందో ఇట్టే తెలిసిపోతుంది. సూర్యుణ్ని నేరుగా చూడనవసరం లేదు, మీ నీడకు ఎదురు దిశను బట్టి వేలు చాచితే చాలు.

సూర్యుడి ఎత్తును బట్టి మూడు పరిస్థితులు:

సూర్యుడు నడినెత్తిన ఉంటే పట్టీ క్షితిజం వెంబడే చుట్టూ పరుచుకుని ఉంటుంది. ఎటు తిరిగినా ఆకాశం ఎడమ నుంచి కుడికి ఒకేలా వస్తుంది. ల్యాండ్‌స్కేప్‌కి మిట్టమధ్యాహ్నం వెలుగు ఎవరికీ నచ్చదు, కానీ వైడ్ లెన్స్ మీద పోలరైజర్‌తో తక్కువ తలనొప్పి అప్పుడే.

సూర్యుడు కిందికి ఉండి మీకు కుడివైపో ఎడమవైపో ఉంటే పట్టీ నిలువుగా నిలబడుతుంది. వైడ్ ఫ్రేమ్‌లో సరిగ్గా నడిమధ్య నల్ల మచ్చ పడే పరిస్థితి ఇదే. మొదట చెప్పిన ప్రశ్నలు చాలావరకు ఉదయం, సాయంత్రం ఇలా పక్క వెలుగులో తీసిన ఫొటోలవే.

సూర్యుడు కిందికి ఉండి మీ వీపు వెనక ఉంటే పట్టీ మీ తలపై నుంచి పోతుంది. ఫ్రేమ్ పైభాగం కాస్త ముదురుగా, కింద లేతగా వస్తుంది. ఆకాశం మామూలుగానే అలా ఉంటుంది కాబట్టి కంటికి తప్పుగా అనిపించదు.

4. స్పాట్‌లో పని వరుస

1. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే తీసేయండి. వాటితో స్క్రీన్ చూస్తే రంగులూ వెలుగూ తప్పుగా కనిపిస్తాయి.
2. ఫిల్టర్ లేకుండానే ఫ్రేమ్ కుదుర్చుకోండి. నిలువా, అడ్డమా అన్నది ఇప్పుడే తేల్చండి. కెమెరాని అడ్డం నుంచి నిలువుకి తిప్పితే ఫిల్టర్ కూడా 90 డిగ్రీలు తిరిగిపోతుంది, సెట్టింగ్ అంతా తలకిందులవుతుంది.
3. ఫిల్టర్ లేకుండా ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత ఎంతో అక్కరకొస్తుంది.
4. ఫిల్టర్ బిగించండి. ఫోకస్ చేయండి. కొన్ని పాత లెన్సుల్లో ఫోకస్ చేస్తే ముందు గాజు కూడా తిరుగుతుంది. అందుకే ఫోకస్ ముందు, తిప్పడం తర్వాత.
5. రింగ్‌ని బిగుసుకునే దిశలోనే తిప్పండి. వదులయ్యే దిశలో తిప్పుతూ పోతే ఫిల్టర్ ఊడి చేతిలోకి వస్తుంది, అదృష్టం బాలేకపోతే నీళ్లలోకి.
6. పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు, నెమ్మదిగా తిప్పండి. ఎక్కువ నుంచి తక్కువకు మొత్తం మార్పు ఇందులోనే అయిపోతుంది. ఆ తర్వాత తిప్పినా అదే మళ్లీ వస్తుంది.
7. మొదట నేలను మాత్రమే చూడండి. మెరుపు ఎక్కడ పోతోందో కనిపెట్టండి. అప్పుడు ఆకాశాన్ని చూడండి.
8. ఎక్స్‌పోజర్ సరిచూసుకోండి. ఫిల్టర్ 1 నుంచి 2 స్టాప్‌ల వెలుగు తినేస్తుంది (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుగు సగమవడం). కెమెరా మీటర్ దాన్ని తానే లెక్కలోకి తీసుకుంటుంది, కానీ 1/60 ఉన్న షట్టర్ 1/20 దాకా పడిపోవచ్చు. చేత్తో పట్టుకుని తీస్తుంటే ఐఎస్ఓ పెంచండి.
9. తీశాక స్క్రీన్ మీద ఫొటోని చిన్నగా చేసి చూడండి. ఆకాశంలో మచ్చ పెద్ద సైజులో కంటే చిన్న సైజులోనే త్వరగా పట్టుబడుతుంది.

ఏడో అంకె దగ్గర ఇంకాస్త ఆగాలి. చాలామంది ఆకాశం అత్యంత ముదురుగా వచ్చేదాకా తిప్పి అక్కడ ఆపేస్తారు. ఆ చోటు నుంచి 30 డిగ్రీలు, అంటే గడియారంలో ఒక గంట గీత నుంచి ఇంకో గంట గీతకి ఉన్నంత, ముందుకు జరపండి. చాలా స్వచ్ఛమైన ఆకాశంలో పట్టీ సుమారు 2 స్టాప్‌లు ముదిరేది, ఇప్పుడు ఒక స్టాప్ కూడా ముదరదు. 45 డిగ్రీలు జరిపితే పట్టీ, దాని పక్క భాగం దాదాపు ఒకే వెలుగుకి వస్తాయి. ఆకాశం ఎడమ నుంచి కుడికి చదునుగా ఉంటుంది.

90 డిగ్రీలూ జరిపితే ఇంకా బాగుంటుందనుకోకండి. అక్కడ పట్టీ పక్కభాగం కంటే కాస్త లేతగా మారుతుంది. నల్ల మచ్చ అంతగా కొట్టొచ్చినట్టు ఉండదు కానీ తేడా ఉంటుంది. అందుకే ఆకాశం చదునుగా కావాలంటే ఆగాల్సింది చివర కాదు, సగం దారిలో.

5. నీళ్లున్న ఫ్రేమ్

వైడ్ లెన్స్, పోలరైజర్ కలిసి అసలు ప్రతిభ చూపించేది ఇక్కడే. ముందు భాగంలో నీటి అడుగున రాళ్లు స్పష్టంగా, వెనక నీటిలో కొండ ప్రతిబింబం అలాగే. ఇలాంటి ఫొటోలు చూసి ఎడిటింగ్ అనుకుంటారు. ఒకే క్లిక్‌తో వస్తాయి.

నీటి మీది మెరుపుని పోలరైజర్ అన్ని కోణాల్లో ఒకేలా తీయలేదు. మీ చూపు నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో పడే చోట పూర్తిగా తీసేస్తుంది. దూరంగా, చూపు నీటిని రాసుకుంటూ పోయే చోట మెరుపు చాలావరకు మిగిలిపోతుంది. వైడ్ లెన్స్ ఈ రెండు చోట్లనీ ఒకే ఫ్రేమ్‌లో పట్టేస్తుంది. ఆకాశం విషయంలో మన కొంప ముంచిన వెడల్పే ఇక్కడ ఉపకారం చేస్తుంది.

దీన్ని కొలతల్లో చూడండి. కెమెరా నీటికి 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, అడుగు అన్నిటికంటే తేటగా కనిపించేది సుమారు 2 మీటర్ల ముందు. ట్రైపాడ్‌ని అర మీటరుకి దించితే 65 సెంటీమీటర్ల ముందే. చూపించాలనుకున్న రాళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుని ట్రైపాడ్ ఎత్తు నిర్ణయించుకోండి. ఫిల్టర్ తిప్పడం కంటే ఈ ఎత్తు సర్దుబాటుతోనే ఎక్కువ తేడా వస్తుంది.

ఇంకో సంగతి. 16 మి.మీ. లెన్స్‌ని అడ్డంగా, మట్టంగా పెడితే ఫ్రేమ్ కింది అంచు సరిగ్గా ఆ 37 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. 24 మి.మీ. అయితే అంతదాకా కూడా రాదు. కాబట్టి కెమెరాని కొంచెం కిందికి వంచాలి, లేదా నిలువుగా పట్టుకోవాలి. నిలువు ఫ్రేమ్‌లో ఆకాశం వెడల్పు తగ్గి మచ్చ సమస్య కూడా చాలావరకు తీరిపోతుంది. నీళ్లూ ఆకాశమూ రెండూ ముఖ్యమైతే నేను ముందుగా ప్రయత్నించేది నిలువు ఫ్రేమే.

రింగ్ తిప్పేటప్పుడు చూపు ఒకే రాయి మీద పెట్టండి. మొదట దాని మీద ఆకాశపు తెల్లదనం పరుచుకుని ఉంటుంది. తిప్పుతుంటే ఆ తెల్లదనం పలచబడి, రాయి అంచు, దాని మీది నాచు, పక్కనున్న ఇసుక ఒక్కొక్కటే పైకి తేలతాయి. రాయి కనిపించడం మొదలైనప్పుడే ప్రతిబింబం ఎంత మిగిలిందో వెనక చూసుకోండి. మెరుపు మొత్తం తీసేస్తే నీళ్లు లేనట్టే, ఖాళీ గుంటలా కనిపిస్తుంది. కొంచెం తళుకు ఉంచండి.

సూర్యుడు ఉన్న చోటును బట్టి ఇక్కడ ఒక మెలిక ఉంది. సూర్యుడు నెత్తిన ఉంటే నీటి మెరుపు పోయే స్థానం, ఆకాశం ముదిరే స్థానం ఒక్కటే. సూర్యుడు కిందికి దిగి పక్కన ఉంటే రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల దూరంలో ఉంటాయి. అంటే ఉదయం, సాయంత్రం పక్క వెలుగులో నీళ్ల కోసం తిప్పితే ఆకాశంలో నల్ల మచ్చ దానంతట అదే తప్పుతుంది. నేలను ముందు చూడమన్నది అందుకే.

నీటి పక్కన నిటారుగా తడి బండ ఉంటే రెండింటి మెరుపూ ఒకేసారి పోదు. ఫ్రేమ్‌లో ఏది ముఖ్యమో దానికే తిప్పండి.

6. మబ్బు రోజున, అడవిలో

మబ్బు పట్టిన ఆకాశం మీద పోలరైజర్ ఏమీ చేయదు కాబట్టి ఫిల్టర్ సంచిలోనే ఉంచేస్తుంటారు. నిజానికి వైడ్ లెన్స్‌కి అదే మంచి అవకాశం. ఆకాశంలో పాడయ్యేది ఏమీ లేదు, పూర్తిగా తిప్పేయొచ్చు.

వాన వెలిసిన తర్వాత ఆకుల మీద ఆకాశం తెల్లగా ప్రతిఫలిస్తుంటుంది. అది పోతే అడుగునున్న పచ్చదనం బయటపడుతుంది. ఎడిటింగ్‌లో రంగు ఎంత పెంచినా ఇది రాదు, ఎందుకంటే ఆకు రంగు కెమెరాకి చేరేసరికే తెల్ల మెరుపులో మునిగిపోయింది. వాగులు, జలపాతాల దగ్గర వెలుగు తగ్గడం కూడా కలిసొస్తుంది, షట్టర్ నెమ్మదిస్తుంది.

7. తీసి సంచిలో పెట్టేయాల్సిన సందర్భాలు

- సూర్యుడు ఫ్రేమ్‌లోనో, అంచునో ఉన్నప్పుడు. ఆకాశం మీద లాభం లేదు, అదనపు గాజు వల్ల ఫ్లేర్ (గాజులో ప్రతిఫలించే మెరుపు మచ్చలు) మాత్రం వస్తుంది.
- పనోరమా కోసం వరుసగా తీస్తున్నప్పుడు. అతికించాక ఆకాశంలో చారలు తేలతాయి.
- రాత్రి, నక్షత్రాలు.
- ఇంద్రధనుస్సు ఉన్నప్పుడు చూసి తిప్పండి. దాని కాంతి గట్టిగా పోలరైజ్ అయి ఉంటుంది, ఒకవైపు తిప్పితే రంగులు పెరుగుతాయి, ఇంకోవైపు తిప్పితే మాయమైపోతాయి. వైడ్ ఫ్రేమ్‌లో పూర్తి విల్లు ఉంటే కొంత భాగం మాత్రమే మాయం కావచ్చు, అప్పుడు తీసేయడమే మేలు.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

ఒకసారి తిప్పి వదిలేయడం: కొత్త వైపు తిరిగిన ప్రతిసారీ రింగ్ మళ్లీ చూసుకోవాలి. సూర్యుడితో కోణం మారిపోతుంది.

వేరియబుల్ ఎన్‌డీ మీద పోలరైజర్: ఎన్‌డీ అంటే వెలుగు తగ్గించే ఫిల్టర్, వేరియబుల్ రకంలో ఆ తగ్గింపుని మార్చుకోవచ్చు. వేరియబుల్ ఎన్‌డీలో ఉన్నవే రెండు పోలరైజర్లు. మూడోది కలిపితే వెలుగూ రంగూ అడ్డదిడ్డంగా మారతాయి. స్థిరమైన ఎన్‌డీ ఫిల్టర్‌తో అయితే ఇబ్బంది లేదు, మూలల మందం మాత్రం చూసుకోండి.

లోహం మెరుపు పోవడం లేదని బాధపడటం: లోహపు ఉపరితలం నుంచి నేరుగా వచ్చే మెరుపు మీద పోలరైజర్ దాదాపు పనిచేయదు. కోణం మార్చుకోండి.

రంగు తేడా: కొన్ని ఫిల్టర్లు పసుపుకో నీలానికో లాగుతాయి. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) తీస్తే వైట్ బ్యాలెన్స్‌తో సరిపోతుంది.

ఫిల్టర్ ఇరుక్కుపోవడం: గట్టిగా నొక్కి తిప్పితే రింగ్ వంగి ఇంకా బిగుస్తుంది. అంచు చుట్టూ రబ్బర్ బ్యాండ్ వేసి, వేళ్లు నాలుగు వైపులా సమానంగా ఆనించి, తేలిగ్గా తిప్పండి. పట్టుకోవాల్సింది లెన్స్ వైపున్న రింగ్‌ని. బయటి రింగ్ పట్టుకుంటే ఊరికే తిరుగుతూనే ఉంటుంది.

9. మచ్చ పడిపోయిన ఫొటోని బాగుచేయడం

తేడా కొంచెమే అయితే: ముదురు భాగం మీద మాస్క్ (ఎడిటింగ్ మార్పు ఎంచుకున్న చోటికే పరిమితం చేసేది) వేయండి, మాస్క్‌ని నీలం రంగుకి మాత్రమే పరిమితం చేయండి, లేకపోతే మబ్బులూ చెట్ల కొనలూ కూడా తెల్లబడతాయి. ఎక్స్‌పోజర్ కొద్దికొద్దిగా పెంచండి. పాలిపోయిన పక్కలకి ఇంకో మాస్క్ వేసి కొద్దిగా తగ్గించండి. మొత్తం భారం ఒక్కవైపే వేస్తే నాయిస్, చారలు వస్తాయి. నీలం ఛాయ కూడా రెండు చోట్లా వేరుగా ఉంటుంది, ఆఖర్న దాన్ని కలపండి.

తేడా ఎక్కువైతే మాస్కులతో కుస్తీ పట్టకండి. రెండు ఫొటోలు కలపడమే సులువు. నాలుగో భాగంలో ఫిల్టర్ లేకుండా ఒకటి తీసి ఉంచుకోమన్నది దీనికే:

- రెండూ ట్రైపాడ్ మీద, ఒకే ఫోకస్, ఒకే ఎపర్చర్‌తో తీసినవై ఉండాలి.
- ఫిల్టర్‌తో తీసినదాన్ని నేల కోసం, లేకుండా తీసినదాన్ని ఆకాశం కోసం తీసుకోండి.
- రెండింటి వైట్ బ్యాలెన్స్, వెలుగు ముందే సమానం చేసి, ఆ తర్వాతే పొరలుగా పేర్చండి.
- కలిపే గీతని క్షితిజం వెంబడి కాకుండా కొండల చీకటి భాగం మీదుగా తీసుకెళ్లండి. అతుకు అక్కడ కనబడదు.

గాలికి చెట్లు ఊగుతూ క్షితిజాన్ని దాటి పైకి ఉంటే ఈ పద్ధతి కుదరదు, కొమ్మలు రెండేసి కనిపిస్తాయి. అలాంటి చోట ఫిల్టర్‌ని 45 డిగ్రీల దగ్గర ఆపి ఒకే ఫొటో తీయడం నయం. నీటి మెరుపు కొంత మిగిలినా సరే.